నోట్లో ఏమీ పోయొద్దన్న బూబమ్మ

సెప్టెంబరు 9, మంగళవారం. సాయంత్రం ఐదు గంటలకు ఇంట్లో ఉన్నవాళ్లు: నేను, మా ఆవిడ, పురిటికి వచ్చిన మా అమ్మాయి, దాని ఇరవై నాలుగు రోజుల మగబిడ్డ, బిడ్డను చూడడానికి ఆదివారం నాయుడుపేట నుంచి వచ్చిన మా అక్క. అల్లుడు తడ దగ్గర ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉన్నాడు. రావలసి ఉండీ రాని మనిషి ఒకరు: రోజూ పొద్దున ఏడింటికి వచ్చి బిడ్డకు నీళ్లు పోసే బూబమ్మ.

ఆమె కోసం పొద్దున కాచిన నీళ్లు కాచినట్టే చల్లారిపోయాయి. తొమ్మిదింటికి కబురు వచ్చింది. తెల్లవారుజామున నమాజుకు లేచి, చేతులు కడుక్కోవడానికి కూర్చున్న చోటనే పక్కకు ఒరిగిపోయిందట. మధ్యాహ్నం శ్మశానంలో మట్టికి నేనూ వెళ్లాను. నాలుగున్నరకు ఇంటికి వచ్చి, స్నానం చేసి కూర్చున్నాను. ఐదు కాగానే బిడ్డ మొదలుపెట్టాడు.

ఆ ఏడుపు సంగతి చెప్పాలి. అది ఆకలి ఏడుపు కాదు. రోజూ సాయంత్రం ఐదుకు మొదలై ఏడున్నర, ఒక్కోరోజు ఎనిమిది దాకా సాగుతుంది. కాళ్లు పొట్టలోకి ముడుచుకుంటాడు, పిడికిళ్లు బిగిస్తాడు, మొహం కందగడ్డ చేసుకుంటాడు. పొట్ట మీద చెయ్యి వేస్తే గట్టిగా తగులుతుంది. ఆస్పత్రిలో చూపించాం. బరువు బాగానే పెరుగుతున్నాడు, జబ్బేమీ లేదు, కడుపులో గాలి, తల్లిపాలు తప్ప ఏమీ ఇవ్వకండి, మూడో నెలకు అదే సర్దుకుంటుంది అన్నారు. మూడో నెల అని చెప్పడం తేలిక. రోజుకు మూడు గంటల లెక్కన వినేసరికి ఇంట్లో ఒకరి మొహం ఒకరం చూసుకోవడం మానేశాం.

అక్క ఉగ్గుగిన్నె పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. వాము కాచి చల్లార్చిన నీళ్లలో, సాన మీద అరగదీసిన వస కలిపింది.

"ఇంక అడ్డం చెప్పేదానికి ఆ తల్లి లేదు గదరా. ఆమెను దేవుడు చల్లగా చూడనీ. ఒక్క గుటక పోస్తే పడుకుంటాడు. నా ఐదుగురికీ పోసే పెంచినా."

అమ్మాయి గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

"పొయ్యి అత్తా. ఇంక నా వల్ల కాదు."

అక్క గిన్నె పట్టుకుని నా వైపు చూసింది. నా మాట కోసం ఆగింది. ఆ మాట చెప్పే ముందు, వద్దన్న మనిషి గురించి చెప్పాలి.

బూబమ్మ అనేది ఆమె పేరు కాదు. తురకవాళ్ల ఇళ్లలో పెద్దావిడను మా వైపు అట్లా పిలుస్తాం. మా బోగోలు పక్క పల్లెల్లో మూడు తరాల బిడ్డలకు ఆమే నీళ్లు పోసింది. మా అమ్మాయికి ముప్పై ఏళ్ల కిందట పోసింది, ఇప్పుడు దాని బిడ్డకు పోసింది. నేను యాభై ఏళ్లుగా రోజూ డైరీ రాస్తున్నాను. ఆమె వచ్చిన రోజులన్నీ అందులో ఉన్నాయి. వెతికి చూస్తే ఎక్కడా ఆమె పేరు లేదు. మట్టి దగ్గర ఆమె కొడుకును అడుగుదామనుకున్నాను. ఇన్నేళ్లకు ఇప్పుడు అడగడానికి సిగ్గేసింది.

మనిషి పొట్టి. ఎత్తు తక్కువైనా నడక వేగం. వాకిట్లో చెప్పులు విడిచి, నేరుగా పెరట్లోకి పోయి, గాజులు తీసి తులసికోట పక్కనున్న మేకుకు తగిలించేది. తర్వాత కూర్చుని, పది వేళ్ల గోళ్లూ బావి గచ్చుకు రుద్దేది. గోరు ఎంత చిన్నదైనా సరే, గచ్చుకు రుద్ది, తన బుగ్గ మీద గీసుకుని చూసుకున్నాకే బిడ్డను ముట్టుకునేది. నీళ్ల వేడి మోచేత్తో చూసేది. మా ఆవిడ చేత్తో చూసి చాలంటే, "నీ చేతికేం తెలుస్తాదమ్మా, నలభై ఏళ్లుగా పెనం మీద అట్లు తిప్పిన చెయ్యి" అనేది.

బిడ్డ ఏడుస్తున్నాడని ఆమె నోట ఎప్పుడూ వినలేదు. మాట్లాడుతున్నాడు అనేది. "ఏం తాసిల్దారూ, ఏందో గట్టిగా మాట్లాడతా ఉండావే, ఎవురి మీద అర్జీ?" అంటూ బిడ్డ పొట్టకు చెవి ఆనించి వినేది. విని మాకు చెప్పేది. "బస్సు స్టాండులోనే ఉండాది. ఇంకా కదల్లా." వెచ్చటి ఆముదం చేతులకు రాసుకుని, బొడ్డు చుట్టూ గడియారం తిరిగే వైపు మెల్లగా నిమిరేది. రెండు మోకాళ్లూ మడిచి పొట్టకు ఆనించి, లెక్క పెట్టినట్టు ఆగి, మళ్లీ చాపేది. గాలి బయటికి రాగానే "బోణీ!" అని కేకేసేది. వంటింట్లో ఉన్నవాళ్లు కూడా నవ్వేవాళ్లు.

మంచి మనిషని రాయడానికి కూర్చోలేదు. నోరు పెద్దది. పక్క ఊళ్లో నీళ్లు పోసే ఇంకొకామెను గురించి, "అది నీళ్లు పోసేది కాదు, గిన్నెలు తోమేది" అనేది. బాలింతల అత్తలతో ఆమెకు ఎక్కడా పడదు. కాఫీ ఇస్తే సగం తాగి, బాగాలేదని చెప్పి మిగతా సగమూ తాగేది. ముప్పై ఏళ్ల కిందట మా అమ్మాయిని ఎత్తుకుని వసారాలో తిరుగుతుంటే నన్ను చూసి, "ఏమయ్యా ఇన్‌స్పెక్టరయ్యా, బిడ్డను ఆఫీసు ఫైలు పట్టుకున్నట్టు పట్టుకుంటివే" అని నా చేతుల్లోంచి లాగేసుకుంది. బిడ్డను ముంజేతి మీద బోర్లా వేసుకుంది. చెంప మోచేతి మడతలో, అరచెయ్యి కాళ్ల మధ్య. రెండు కాళ్లూ అటొకటి ఇటొకటి వేలాడుతున్నాయి. పట్టుకోవడం అప్పుడు చూశాను. నేర్చుకోలేదు.

నేను కాలవల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. సర్వీసంతా నీటిమట్టాలు రాయడం, పొలాలకు వంతులు కట్టడం, వంతు ప్రకారం తలుపులు ఎత్తించడం, దించడం. మనవడు ఇంటికి వచ్చిన నాటి నుంచి వాడికొక పుస్తకం పెట్టాను. ఎప్పుడు తాగాడు, ఎంతసేపు తాగాడు, ఎప్పుడు ఏడ్చాడు, గుడ్డ ఎన్నిసార్లు మార్చాం, అన్నీ. ఏడుపు పెరిగేకొద్దీ నా పద్ధతీ పెరిగింది. రెండు వైపులా సమానంగా తాగాలని, వసారాలో గడియారం ముందు కూర్చుని, గదిలో ఉన్న అమ్మాయికి వినబడేటట్టు "ఐదైందమ్మా, మార్చు" అని కేకేసేవాణ్ణి. అది మార్చేది. ఇంకో ఐదు నిమిషాలకు మళ్లీ కేక. ఆ పక్కన ఇంకో కాగితం మీద, అమ్మాయి ఏం తిన్న రోజు బిడ్డ ఎక్కువ ఏడ్చాడో రాసి, ఆ పదార్థం మాన్పించడం. మా ఆవిడ పత్యం దానికి తోడైంది.

పన్నెండో రోజు పొద్దున బూబమ్మ కొంచెం ముందే వచ్చింది. అమ్మాయి పాలిస్తోంది. నేను వసారాలోంచి "ఐదైంది" అన్నాను. బూబమ్మ గదిలోకి పోబోతున్నదల్లా ఆగి నా వైపు తిరిగింది.

"ఏంది ఐదయ్యింది?"

చెప్పాను. ఆమె నా ఎదురుగా నేల మీద కూర్చుంది. కుర్చీ మీద కూర్చునే అలవాటు లేదు.

"ఇన్‌స్పెక్టరయ్యా, అది కాలవ కాదయ్యా. పొలానికి వంతు కట్టినట్టు ఇటో ఐదు నిమిషాలు, అటో ఐదు నిమిషాలా! ముందొచ్చేది నీళ్లపాలు. దాహానికి. ఎనకొచ్చేది చిక్కటిది. ఆ చిక్కటిది దిగే టయానికి నువ్వు తలుపు దించేస్తివి. అటు పక్కకు పోతే మళ్లా నీళ్లపాలే. పొద్దుగూకులూ నీళ్లపాలు తాగితే కడుపులో గాలి గాక ఏముంటాది?"

నేను రెండు వైపులా సమానంగా ఉండాలని అన్నాను.

"సమానం పిల్లోడు చూసుకుంటాడు. ఒక పక్క వాడే వదిలేదాకా తాగనీ. వదిలినాక భుజాన వేసి తేపు రానీ. ఇంకా కావాలంటే అప్పుడు అటు. లేదా, మళ్లా పూటకు అటు." నా చేతిలోని పుస్తకం చూసింది. "అందులో ఏం రాసినావు?"

"వాడు ఏడ్చినవి, తాగినవి."

"తల్లి తిన్నవి?"

మాన్పించినవి చదివాను. వంకాయ, చిక్కుడు, కందిపప్పు, పెసరపప్పు, గుడ్డు, పాలు, పెరుగు, చేప.

"ఇంక మిగిలిందేంది?"

"కారప్పొడి అన్నం, నెయ్యి," అంది మా ఆవిడ గుమ్మంలోంచి.

"ఎన్ని ముద్దలు తింటుండావు బిడ్డా?" అని గదిలోకి కేకేసింది.

గదిలోంచి అమ్మాయి జవాబు వచ్చింది. "నాలుగు. ఒక్కోసారి మూడు."

బూబమ్మ నన్నూ మా ఆవిడనూ తిట్టలేదు. గోళ్లు రుద్దుకోవడానికి లేచిపోయింది. మరునాడు వస్తూ రేవు నుంచి పాలసొర తెచ్చింది. బాలింతలకు పాలు పడడానికి మా తీరంలో వండి పెట్టే చిన్న సొరచేప. ఆకులో చుట్టి, మా ఆవిడ చేతిలో పెట్టి, "ఉడకేసి, ముళ్లు తీసి, ఉల్లిపాయ వేసి పొడిపొడిగా పుట్టు చెయ్యి. పత్యం గిత్యం అన్నావంటే రేపట్నుంచి నేను రాను" అంది. అమ్మాయి ఆ రోజు రెండుసార్లు పెట్టించుకుంది. రెండోసారి పెట్టించుకుంటూ ఏడ్చింది.

నేను గడియారం చూడడం మానేశాను. అప్పటిదాకా పగలు కూడా ఉన్న ఏడుపు నాలుగు రోజుల్లో పోయింది. సాయంత్రం ఏడుపు మాత్రం ఉండిపోయింది. "అది అట్ట తేలిగ్గా పోదు. మూడు నెలలు. మీకు కావాల్సింది మందు కాదు, ఓపిక" అంది బూబమ్మ. "పచ్చగా కక్కినా, ఒళ్లు కాలినా, పాలు ముట్టకపోయినా నా కోసం చూడబాకండి. ఆస్పత్రికి పరిగెత్తండి. ఈ సాయంత్రం మాటలంటారా, వినాల్సిందే."

ఆదివారం అక్క వచ్చింది, సంచిలో వసకొమ్ము, వాము, సానరాయితో. సోమవారం పొద్దున ఇద్దరికీ పెరట్లో పడింది.

"వస పోస్తే కడుపు నొప్పి పోతాది, మాటా తొందరగా వస్తాది," అంది అక్క.

"నీకు పోసినట్టుండారు, అందుకే ఇంకా ఆగలా," అంది బూబమ్మ.

"నా ఐదుగురికీ పోసినా. అందరూ గుండ్రాళ్ల మాదిరి ఉండారు."

"బాగుండేవాళ్లే గదమ్మా చెప్పుకొనేది."

అక్కకు కోపం వచ్చి లోపలికి పోయింది. బూబమ్మ నీళ్లు పోసి, బిడ్డకు సాంబ్రాణి పొగ పెట్టొద్దని, వాడికి ఆయాసమని ఎప్పటిలాగే చెప్పి, గాజులు వేసుకుని బయల్దేరింది. నేను గేటు దాకా వెళ్లాను. అట్లా వెళ్లడం అలవాటు లేదు. ఆ రోజు ఎందుకో ఆమె నడక మెల్లగా ఉంది. గేటు పట్టుకుని నిలబడింది.

"మీ అక్కను కసిరినా. ఏమీ అనుకోబాక."

"ఆమె పాతకాలం మనిషి," అన్నాను.

"నేను మాత్రం?" అని, కాసేపు రోడ్డు వైపు చూసి చెప్పింది. "కొత్తగా ఈ పనికి దిగిన రోజులు. ఊరు చెప్పను, ఇల్లు చెప్పను. పద్దెనిమిది రోజుల బిడ్డ. ఇట్టనే సందేళ ఏడుపు. వస నేనే అరగదీసినా, నేనే పోసినా. ఏడస్తా ఉండే నోట్లో పోసినా. పొలమారింది. రొమ్ములోకి దిగిందన్నారు. మూడోరోజుకు బిడ్డ లేడు."

నేనూ గేటు పట్టుకున్నాను.

"ఆ ఇంట్లో నన్ను ఒక్క మాట అనలేదయ్యా. అందరూ పోసేదే గదా అనుకున్నారు. దేవుడు తీసకపోయినాడనుకున్నారు. రెండేళ్లకు మళ్లా కానుపైతే నన్నే పిలిచినారు. ఆ తల్లి బిడ్డను నా కాళ్ల మీద పెట్టి, నువ్వుంటే నాకు ధైర్యం బూబమ్మా అన్నది. తిట్టుంటే బాగుండు. తిట్టలా." గేటు వదిలి కొంగు సర్దుకుంది. "ఇంట్లో చెప్పబాక. బాలింత భయపడతాది."

అది సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు. అంతకు మించి ఆమె నాతో ఏమీ మాట్లాడలేదు. మంగళవారం నేను ఆమె మీద మూడు పిడికిళ్ల మట్టి వేసి వచ్చాను.

ఇప్పుడు అక్క గిన్నెతో నిలబడి ఉంది. అమ్మాయి పొయ్యమంది. నాకు డెబ్బై ఒక్క ఏళ్లు. ఎండలో నడిచి వచ్చిన కాళ్లు లాగుతున్నాయి. ఒక్క గుటక పోస్తే పడుకుంటాడేమో అని నాకూ అనిపించింది. అది దాచను.

"వద్దక్కా," అన్నాను.

"అయితే నువ్వు మొయ్యి."

"మోస్తాను. ఇట్టియ్యండి."

బిడ్డను తీసుకుని ముంజేతి మీద బోర్లా వేసుకున్నాను. ముప్పై ఏళ్ల కిందట చూసిన పట్టు. మొదట జారాడు. మా ఆవిడ కెవ్వుమంది. మళ్లీ సర్దుకున్నాను. వసారాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాను. వాడు ఏడుస్తూనే ఉన్నాడు. కాకపోతే పొట్ట నా చేతికి ఆని ఉండడంతో, లోపల ఏదో కదలడం నా చేతికి తెలుస్తోంది. అక్క గుమ్మంలో కూర్చుని గిన్నె ఒళ్లో పెట్టుకుని చూస్తోంది.

"చూస్తా, ఎంతసేపు మోస్తావో. మొగోడివి, జీవితంలో ఒక్క బిడ్డను ఎత్తుకున్న పాపాన పోలా."

ఆరున్నరకు బిడ్డను రెండో చేతికి మార్చుకున్నాను. అమ్మాయి లోపల మంచం మీద ఒక పక్కకు తిరిగి పడుకుంది. మా ఆవిడ దానికి కాళ్లు పడుతోంది. వినబడదనుకున్నాక అక్క దగ్గర ఆగాను. గేటు దగ్గర బూబమ్మ చెప్పింది చెప్పాను. చెప్పొద్దన్నది బాలింతకు. అక్కకు చెప్పొచ్చని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

అక్క ఒళ్లోని గిన్నె వైపు చూసింది.

"పద్దెనిమిది రోజులా?" అంది.

"అవును."

"ఐదుగురికి పోసినానురా," అంది. పొద్దుటి నుంచి పదిసార్లు అన్న మాటే. ఈసారి గొంతు వేరు. ఒక్కొక్కరి పేరూ లోపల చెప్పుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. "పెద్దోడికి ఒకసారి పొలమారింది. ఎన్ను మీద కొట్టినా. సర్దుకున్నాడు. కొట్టి, మిగిలింది కూడా పోసేసినా."

లేచి గిన్నె కింద పెట్టింది. "ఇట్టియ్యి. పడేస్తావు," అంటూ నా చేతుల్లోంచి బిడ్డను తీసుకుంది. దానికి రెండు చేతులూ కావాలి. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆమె నడిచింది. డెబ్బై ఆరేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు, మధ్యమధ్య ఆగి స్తంభం పట్టుకుని మళ్లీ నడిచింది. పాట పాడలేదు, జో కొట్టలేదు. ఎనిమిదికి పది నిమిషాలు ఉందనగా వాడి ఏడుపు వెక్కిళ్లలోకి దిగి ఆగింది. ఎవరమూ సంతోషించలేదు. అంత ఓపిక లేదు. అన్నం తినకుండానే పడుకున్నాం.

బుధవారం పొద్దున మా ఆవిడ అలవాటు కొద్దీ నీళ్లు కాచింది. ఏడైంది. ఎవరూ రారని అందరికీ తెలుసు. అయినా కాసేపు ఎదురుచూశాం. అక్క పీట వేసుకుని కూర్చోబోతే మోకాలు వంగలేదు. మా ఆవిడకు తల తిరుగుతోంది. అమ్మాయి లోపల్నుంచి వచ్చింది.

"నేను పోస్తా."

"నలభై రోజులు దాటకుండా బాలింత నీళ్లలో చెయ్యి పెట్టేది ఉందా?" అంది మా ఆవిడ. అమ్మాయి అప్పటికే పీట మీద కూర్చుని, చీర మోకాళ్ల దాకా తీసుకుని, కాళ్లు చాపింది.

బిడ్డను ఎట్లా పడుకోబెట్టాలో మాకెవరికీ సరిగ్గా తెలియలేదు. అక్క తల ఇటు అంది. మా ఆవిడ తల అటు, పాదాల వైపు అంది. పందొమ్మిది రోజులు మా కళ్ల ముందే పోసింది. ఆమె మాటలు విన్నాం, నవ్వాం, చేతులు చూడలేదు. అమ్మాయి ఇద్దరి మాటా వినకుండా బిడ్డను కాళ్ల మీద వెల్లకిలా ఉంచి మెల్లగా చేతులు సడలించింది. వాడు రెండుసార్లు మెలికలు తిరిగాడు. వీపు రెండు కాళ్ల మధ్య పల్లంలోకి జారింది, మెడ చీలమండల దగ్గర ఆగింది. అక్కడ కుదురుకుని, తల్లి మొహంలోకి చూస్తూ కదలకుండా పడుకున్నాడు. వాడికి తెలుసు.

"నీళ్లు నువ్వు పొయ్యి నాన్నా," అంది అమ్మాయి. వాడి నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

నేను వంగి చెంబు ముంచాను. మోచెయ్యి నీళ్లలో పెట్టి చూశాను. సరిపోయింది.

"ఎన్ని చెంబులు?" అన్నాను.

"లెక్కెందుకు నాన్నా. పోస్తా ఉండు," అంది.

పోశాను.